డిఫాల్ట్ ఎవరి వైపు?

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా వెళ్లి భద్రాచలం వంతెన ఎక్కినప్పుడల్లా నాకు గుడికన్నా ముందు 1917 గుర్తొస్తుంది. ఏజెన్సీలో కొండజాతుల భూమిని బయటివాళ్లు కొంటే, ఏజెంటు అనుమతి లేనిదే చెల్లదని మద్రాసు ప్రభుత్వం ఆ ఏడాది చట్టం చేసింది. భద్రాచలం అప్పుడు మద్రాసు కింద ఉంది కాబట్టి అది ఆ ఒడ్డు కోయలకు వర్తించింది. ఈ ఒడ్డు నిజాముది. రెండువైపులా చుట్టాలే, మధ్యలో గోదావరి. ఆంధ్రప్రదేశ్ 1959లో చేసిన భూబదలాయింపు నిబంధన కూడా తెలంగాణ ఏజెన్సీకి వచ్చేసరికి 1963 అయింది.

శ్రీకాకుళ పోరాటం నడుస్తుండగా 1970లో దానికి సవరణ వచ్చింది. అదే అందరూ అనే 1/70. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి. మా ప్రోగ్రామర్ల భాషలో ఇది డిఫాల్ట్. ఫిర్యాదు రాకపోయినా అధికారి తనంతట తానే విచారణ మొదలుపెట్టవచ్చు. ఆ ‘వచ్చు’ దగ్గరే వచ్చింది చిక్కంతా.

పదేళ్ల కిందటైతే మంచి డిఫాల్ట్ ఉంటే చాలని వాదించేవాణ్ణి. జీపీఎల్ లైసెన్సు మీద నాకంత నమ్మకం. 1989లో స్టాల్‌మన్ కాపీరైట్‌నే తిరగేసి, కోడ్ పంచుకోవడం షరతుగా పెట్టాడు. కానీ 2007లో బిజీబాక్స్ రాసినవాళ్లు అమెరికాలో కోర్టుకెక్కితేగానీ ఒక కంపెనీ సోర్సు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. (ఈ పోలిక ఇంతవరకే. దావా ఓడితే ప్రోగ్రామర్ ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు.)

1/70 ప్రభుత్వాన్ని కూడా కట్టేస్తుందా? విశాఖ ఏజెన్సీలో మైనింగ్ లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో ఇదే ప్రశ్న. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకి వెళ్లారు. ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వమూ ఉందని, అక్కడి భూమి ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997 జులైలో తీర్పు వచ్చింది. 1970లో రాసిన మాటే అది. దాని అర్థం తేలడానికి 27 ఏళ్లు పట్టింది, అదీ ఎవరో పట్టుబట్టి అడిగితే.

2006 అటవీహక్కుల చట్టంలో డిఫాల్ట్ మళ్లీ తిరగబడింది. 2005 డిసెంబరు 13కి ముందునుంచీ పోడు చేస్తున్నానని ఆదివాసే దరఖాస్తు పెట్టుకోవాలి. గ్రామసభ, సబ్‌డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ దాటాలి. వేసిన గట్లు, పాత బావి, పూర్వీకుల సమాధులు, పెద్దల వాంగ్మూలం లాంటివి ఆధారాలుగా చెల్లుతాయి, కానీ ఒక్కటి చూపితే సరిపోదు. పట్టా చేను అన్యాక్రాంతమైతే రుజువు చెయ్యాల్సింది ఎదుటివాడు. అదే రైతు వాగు దాటి పోడులోకి వెళ్తే, సమాధులు చూపించాల్సింది తనే.