తాండూరు సైటుకు వికారాబాద్ దిక్కు

డిసెంబరు ఉదయం. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లున్న సందులో, మేడ మీద గది. కిటికీ మూసినా కటింగ్ మిషన్ల చప్పుడు ఆగదు. కింద కాలువలో బూడిదరంగు నీళ్లు పారుతున్నాయి. మీ ముందు లాప్‌టాప్, అందులో 'కంది' అని పేరు పెట్టిన ఫోల్డరు. మూడు పేజీలు, తొమ్మిది ఫొటోలు. నల్లరేగడి చేను, కాయ పట్టిన కొమ్మ, ఆరబోసిన రాశి. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కంది గురించి ఇక్కడి రైతులు చెప్పిన మాటలు. అద్దె సర్వర్ లేకుండా ఈ సైటును జనంలోకి పంపాలి.

లాప్‌టాప్‌లో ఐపీఎఫ్ఎస్ నడుస్తోంది. హువాన్ బెనె 2014లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. సర్వర్ పేరుతో కాకుండా, ఫైలులో ఉన్న విషయం ఆధారంగానే ఫైలును వెతుకుతుంది. ఫోల్డరును కలపమని ఒక్క కమాండ్ కొట్టండి. వరుసలు గబగబా పైకి పోతాయి. ఒక్కో ఫైలుకు ఒక్కో చిరునామా. ఆఖరి వరుసలో మొత్తం ఫోల్డరుది, 'క్యూఎం'తో మొదలయ్యే 46 అక్షరాలు.

ఇప్పుడొక పని చేయండి. మొదటి పేజీలో ఎక్కడో తప్పిన దీర్ఘం ఒకటి సరిదిద్ది, మళ్లీ కలపండి. ఆ పేజీ చిరునామా పూర్తిగా మారిపోయింది, ఫోల్డరుదీ మారింది. తొమ్మిది ఫొటోల చిరునామాలు మాత్రం అక్షరం కూడా కదల్లేదు. ఫైలు పెద్దదైతే 256 కిలోబైట్ల ముక్కలవుతుంది. ప్రతి ముక్కకూ వేలిముద్ర లాంటి ఒక గుర్తు తయారవుతుంది. వాటన్నిటి నుంచీ పై చిరునామా పుడుతుంది. దారిలో ఎవరైనా రైతు మాట మార్చి అందించబోతే, అందుకునే యంత్రం లెక్క సరిపోక ఆ ముక్కను తోసేస్తుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అయితే ఫొటోల్లో ఒక్క ముక్క కూడా ఇంకా ఈ గది దాటలేదు. 'ఇది నా దగ్గరుంది' అని మీ యంత్రం నెట్‌వర్క్‌కు చెప్పింది, అంతే. ఎవరో వచ్చి అడగాలి. వికారాబాద్‌లో ఉన్న మిత్రుడికి ఫోన్ చేయండి.

"అన్నా, అడ్రస్ వాట్సాప్‌ల పెట్టిన. తెరువు."

"తిరుగుతనే ఉంది తమ్మీ."

మీది ఫోన్ హాట్‌స్పాట్. ఒకే బయటి ఇంటర్నెట్ చిరునామాను ఫోన్ కంపెనీ ఎందరికో పంచుతుంది కాబట్టి, బయటివాళ్లు నేరుగా మీ తలుపు తట్టలేరు. రెండు యంత్రాలూ మధ్యవర్తి ద్వారా ఒకదాన్నొకటి కనుక్కోవాలి. ఆగండి.

"ఆ, వచ్చింది. చేను ఫొటో సగం వచ్చింది... మొత్తం వచ్చింది."

"పిన్ చెయ్యన్నా."

పిన్ చేయడమంటే ఆ ముక్కల్ని పారేయకుండా ఉంచమని తన యంత్రానికి చెప్పడం. ఆయన పెట్టాడు. మీరు లాప్‌టాప్ ఆపేసి సంచిలో వేసుకుని స్టేషన్‌కు నడిచి, వికారాబాద్ రైలెక్కండి.

నిజాం కాలంలో, 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా వేసిన లైను ఇది. రైలు ధారూరు దాటింది. వికారాబాద్‌లో దిగి, ప్లాట్‌ఫారం మీదే ఫోన్లో, ఐపీఎఫ్ఎస్ పేజీలను మామూలు బ్రౌజర్‌లో చూపే ఒక పబ్లిక్ గేట్‌వే తెరిచి, ఆ 46 అక్షరాలు అతికించండి. కాసేపు ఖాళీ తెర. తర్వాత అక్షరాలు, ఆ వెనకే కాయ పట్టిన కొమ్మ. మీ యంత్రం సంచిలో ఆరిపోయి ఉంది. పేజీ వస్తున్నది అనంతగిరికి వెళ్లే దారిలో ఉన్న ఆయన ఇంటినుంచి.

ఇలా పెట్టింది ఎప్పటికీ పోదని కొందరు చెబుతారు. తప్పు. 'నా దగ్గరుంది' అన్న ప్రకటన 48 గంటలే చెల్లుతుంది. యంత్రం నడుస్తుంటేనే దాన్ని మళ్లీ మళ్లీ చాటుతుంది. పిన్ చేయనివి శుభ్రం చేసేటప్పుడు పోతాయి. ఉంచేవాళ్లుంటేనే ఉంటుంది. 2017లో టర్కీ వికీపీడియాను ఆపేసినప్పుడు టర్కిష్ ప్రతిని ఇదే నెట్‌వర్క్‌లో పెట్టారు, అక్కడా దాన్ని దాచి ఉంచిన యంత్రాలుండబట్టే అది అందింది. మనకూ ఇది అనుభవమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు ఆగిపోయాక కూడా వేల తెలుగు పుస్తకాలు చదవగలుగుతున్నామంటే, వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండటం వల్లే.

రెండు జాగ్రత్తలు. దిద్దినప్పుడల్లా చిరునామా మారుతుంది కాబట్టి ఐపీఎన్ఎస్ అనే స్థిరమైన పేరు పెట్టుకోండి. దాని తాళం ఫైలు పోతే ఆ పేరు మీద కొత్త ప్రతి పెట్టలేరు, వేరేచోట దాచండి. ఇక ఇతరులు దాచుకున్నదాన్ని మీరు వెనక్కి తీసుకోలేరు. అందుకని రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్ కాగితాల ఫొటోలు ఫోల్డరులోంచి ముందే తీసేయండి.

మీ ఊరి గురించి పేజీ రాస్తున్నారా? కమాండ్ కొట్టేముందే, దాన్ని పిన్ చేసి ఉంచే రెండో మనిషిని ఇంకో ఊళ్లో చూసుకోండి. మీరూ ఆ మనిషి పేజీలను మీ యంత్రంలో ఉంచండి.