ఎండ కోసం నార్వే పడ్డ పాటు

నార్వే అనగానే మన పత్రికల్లో అర్ధరాత్రి సూర్యుడి ఫొటోలే కనిపిస్తాయి. ఇక్కడి మనుషుల్ని అర్థం చేసుకోవాలంటే మాత్రం అక్టోబరులో చూడాలి. సెప్టెంబరు మూడో వారం దాటాక ఓస్లోలో పగలు వారానికి దాదాపు 40 నిమిషాల చొప్పున తరిగిపోతుంది. డిసెంబరు చివరికి మిగిలేది ఆరు గంటలే. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు కూడా 11 గంటలకు దగ్గరగా ఉంటుంది. అలాంటి చోట పుట్టి పెరిగినవాళ్లకు ఈ తగ్గుదల ఒంట్లో తెలుస్తుంది. పొద్దున లేవబుద్ధి కాదు. అన్నం, తీపి మీదికే మనసు పోతుంది. ఇంటికి ఫోన్ చేయాలన్నా బద్ధకంగా ఉంటుంది.

ఈ చీకటితో నార్వే ఎలా వేగిందో తెలియాలంటే ర్యూకన్ అనే ఊరి కథ వినాలి. 1905లో పుట్టిన నోర్స్క్ హైడ్రో కంపెనీ జలపాతాల కరెంటుతో ఎరువులు తయారుచేయడానికి ఒక ఇరుకు లోయలో ఈ ఊరిని కట్టింది. నీళ్లకు కొదవ లేదు, ఎండకే కరువు. చుట్టూ కొండలు అడ్డం రావడంతో సెప్టెంబరు చివర ఊరు వదిలిన ఎండ మళ్లీ మార్చిలోనే నేల మీద పడుతుంది. కొండ మీద అద్దాలు పెట్టి ఎండను ఊళ్లోకి మళ్లించవచ్చని 1913లోనే ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఆస్కార్ కిట్టిల్‌సెన్ సూచించారు. అప్పట్లో అది సాధ్యపడలేదు. బదులుగా కంపెనీ 1928లో కేబుల్ కారు వేసింది. చలికాలంలో ఊరివాళ్లు కొండెక్కి కాసేపు ఎండలో కూర్చుని రావడానికే దాన్ని కట్టారు.

అద్దాల ఆలోచన వందేళ్లకు ఫలించింది. 2013 అక్టోబరులో ఊరికి 450 మీటర్ల ఎత్తున మూడు పెద్ద అద్దాలు నిలబెట్టారు. కంప్యూటర్ సాయంతో అవి సూర్యుడి వెంట తిరుగుతూ ఊరి నడిబొడ్డున చౌకులో కొద్దిపాటి మేర ఎండను పరుస్తాయి. నాకు ఇందులో విలువైనదిగా కనిపించేది ఇంజనీరింగ్ కాదు. వెలుతురు లేక మనిషి కుంగిపోతే అది అతని బలహీనత అని ఈ ఊరు అనుకోలేదు, ఊరందరి పని అనుకుంది.

ఆ దృష్టి పెద్ద పదవుల దాకా పోయింది. 1998 ఆగస్టు చివర ప్రధాని షెల్ మాగ్నే బోన్‌దెవిక్ పని ఒత్తిడితో డిప్రెషన్‌కు గురయ్యారు. జ్వరమో, నడుంనొప్పో అని చెప్పి తప్పుకోవచ్చు. ఆయన ఉన్న మాటే దేశానికి చెప్పి సెలవు పెట్టారు. మూడు వారాలు దాటాక తిరిగి పనిలో చేరారు. జనం ఆయనకు అండగా నిలిచారు. 2001 ఎన్నికల తర్వాత ఆయన మళ్లీ ప్రధాని అయ్యారు. మన దగ్గర పెళ్లి సంబంధం చెడుతుందనో, ఉద్యోగం పోతుందనో మనోవ్యాధిని దాచుకునే ఇళ్లు ఎన్నో. అందుకే ఈ సంగతి మన ఊళ్లలో అందరికీ తెలియాలని కోరుకుంటాను.

వెలుతురు తగ్గడంతో వచ్చే శరత్కాలపు కుంగుబాటుకు వైద్యంలో పేరు పడింది 1984లో. అమెరికాలో దాన్ని వర్ణించిన డాక్టర్ నార్మన్ రోసెంతాల్ కూడా వలస వచ్చినవారే. ఎండ కాసే జోహన్నెస్‌బర్గ్ నుంచి న్యూయార్క్ చేరాక, చలికాలాల్లో తనలో వచ్చిన మార్పును ఆయన గమనించారు. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే ఒంట్లోని గడియారం సరిగా నడుస్తుంది. అందుకే పొద్దున్నే 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోమంటారు. కంటి జబ్బులు, బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆ దీపం వాడకూడదు. దీపం లేకున్నా ఆరుబయటికి వెళితే మేలు. మబ్బు పట్టిన రోజు కూడా అక్కడి వెలుతురు మన గదిలో లైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

నార్వేవాళ్లు ఆ పని అలవాటుగా చేస్తారు. అక్టోబరులో అపార్ట్‌మెంట్లవాళ్లంతా ఒక సాయంత్రం దిగివచ్చి రాలిన ఆకులు ఊడ్చి, కాఫీ తాగి, పేర్లు తెలియని పొరుగువాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి వెళతారు. వాన పడుతున్నా పసిపిల్లల్ని ఆటకు బయటికి పంపుతారు. కోటుకు మెరిసే బిళ్ల తగిలించుకుని చీకట్లోనే నడకకు పోతారు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా కాడ్ చేప కాలేయపు నూనె ఒక చెంచా తాగడం తాతల నాటి పద్ధతి. అందులో విటమిన్ డి ఉంటుంది. మన ఛాయ వాళ్లకు ఆ విటమిన్ తయారవడానికి మరింత ఎండ కావాలి గనక, రక్తపరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది.

చలిదేశాల్లో పిల్లలున్న అమ్మానాన్నలకు ఒక మాట. అక్టోబరు, నవంబరుల్లో మీవాళ్లు ఫోన్లు తగ్గిస్తే అలగకండి. ‘తిన్నావా’ అన్నాక ‘ఇవాళ పగటిపూట బయటికి వెళ్లావా, నిద్ర ఎలా పడుతోంది, ఎవరితోనైనా మాట్లాడావా’ అని కూడా అడగండి. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పండి. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మర్నాటి దాకా ఆగకండి, అక్కడి స్నేహితుల్ని వెంటనే ఇంటికి పంపండి. మీకే దిగులుగా ఉంటే మన దేశంలో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. అడగడంలో పరువు పోయేదేమీ లేదు.