ఒక అక్షరం, రెండు యుగాలు: భట్టిప్రోలు నుంచి సెల్‌ఫోన్ వరకు

ప్రస్తావన

విద్యార్థులారా! మీ సెల్‌ఫోన్‌లో 'జ్ఞానం' అనే మాట టైపు చేయండి. అందులోని 'జ్ఞా' 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. ఆ అక్షరం ఉన్న సందేశం వస్తే ఆపిల్ సంస్థవారి ఐఫోన్లలో యాప్‌లు ఉన్నట్టుండి మూతపడ్డాయి. ఫోన్లను ఆపేసిన తెలుగు అక్షరంగా దానికి పేరొచ్చింది. తప్పు అక్షరానిదా, యంత్రానిదా? జవాబు కోసం ముందుగా కృష్ణా డెల్టాలోని ఒక పాత శాసనాన్ని చూద్దాం.

1. భట్టిప్రోలు సాక్ష్యం

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుమార్గంలో భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించినప్పుడు శాసనాలు చెక్కిన ధాతు పేటికలు దొరికాయి. శాసనాల భాష ప్రాకృతం. లిపి బ్రాహ్మీలో ఒక ప్రత్యేక రూపం. అశోకుని బ్రాహ్మీలో ఏ గుర్తూ లేని హల్లును 'క' అని చదవాలి. దానికి అడ్డగీత చేరిస్తే 'కా' అవుతుంది. భట్టిప్రోలు లేఖకులు ఆ అడ్డగీతను 'క'కే వాడారు. 'కా' రాయడానికి గీత చివర కిందికి మరో చిన్న గీత కలిపారు. అంటే, హల్లుతో అచ్చును ఎలా చూపాలన్న సమస్యకు వారు తమదైన పరిష్కారం కనుక్కున్నారు. ఆ పద్ధతి తరువాత నిలవలేదు. అయినా హల్లుకు అచ్చు గుర్తు చేర్చి రాయడమనే సూత్రం నేటి తెలుగు గుణింతంలోనూ ఉంది.

2. కంప్యూటర్‌లో గుణింతం

1991లో వెలువడిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. గుణింతాలకూ సంయుక్తాక్షరాలకూ విడివిడిగా స్థానాలు ఇవ్వలేదు. 'జ్ఞా' కంప్యూటర్‌లో నాలుగు సంకేతాలుగా నిల్వ ఉంటుంది: జ, పొల్లు, ఞ, దీర్ఘం. వాటిని కలిపి ఒకే అక్షరంగా చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది.

3. తప్పు ఎక్కడ జరిగింది?

ఫోన్లను ఆపేసిన రూపంలో ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని మరో సంకేతం ఉంది. అక్షరాలు కలవకుండా ఆపడానికి వాడే సంకేతం అది. ఈ వరుసను తెరపై చూపించడంలో ఆపిల్ సాఫ్ట్‌వేర్ తడబడింది. మామూలు 'జ్ఞా'తో ఏ ఇబ్బందీ లేదు. ఇలాంటి వరుసలే బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఫోన్లను ఆపాయని పరిశీలనలో తేలింది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో లోపం సరిదిద్దారు. మారింది సాఫ్ట్‌వేరే, తెలుగు లిపిలో ఒక్క గీత కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.

4. వాడకమే బలం

మన లిపి యంత్రాలకు లొంగదనే మాట మీరూ వినే ఉంటారు. వాడేవారు ఉంటే యంత్రమే లిపికి తగినట్టు మారుతుందని ఈ ఉదంతం చెబుతుంది. ఆ వాడకంలో డెల్టాకూ చోటుంది. తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో విజయవాడలో జరిగాయి. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఫాంట్లలో ఒకదానికి దివిసీమకు చెందిన మండలి వెంకట కృష్ణారావు పేరిట 'మండలి' అని పేరు పెట్టారు.

మీ అభ్యాసాన్ని సరిచూసుకోండి

1. 'కా' రాయడంలో అశోకుని బ్రాహ్మీకీ భట్టిప్రోలు లిపికీ తేడా ఏమిటి?
2. మీ ఫోన్‌లో 'జ్ఞా' టైపు చేసి, చెరిపే మీటను ఒక్కొక్కసారి నొక్కుతూ ఏది ముందు పోతుందో గమనించి రాయండి.