సైలెన్సర్ ఊడిన కారు: మోత కంటే పెద్ద ముప్పు ఏంటి? కోల్‌కతాలో చట్టం ఏం చెబుతోంది?

కారు కింది నుంచి ఉన్నట్టుండి ట్రాక్టర్ లాంటి మోత మొదలైతే, ఎక్కువసార్లు కారణం ఒకటే. ఎగ్జాస్ట్ గొట్టం తుప్పు పట్టి తెగి ఉంటుంది, లేదా సైలెన్సర్ ఊడిపోయి ఉంటుంది. ఇంజిన్ మాత్రం ఆగదు. అందుకే ‘వచ్చే నెల చూద్దాంలే’ అని చాలామంది కారును అలాగే తిప్పుతుంటారు.

అలా నడపడం చట్టప్రకారం నేరం. అంతకంటే ముఖ్యంగా, అది కారులో కూర్చున్నవారి ప్రాణాలకే ప్రమాదం. వానాకాలంలో వీధులు చెరువులయ్యే కోల్‌కతాలో ఈ విషయం ఇంకాస్త జాగ్రత్తగా తెలుసుకోవాల్సిందే.

ఏ భాగం ఏం చేస్తుంది?

పెట్రోల్ కారులో ఇంజిన్ నుంచి వచ్చే వేడి వాయువులు ముందుగా మానిఫోల్డ్‌లో కలుస్తాయి. అక్కడి నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్తాయి. అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా మారుస్తుంది. ఆ తర్వాత సైలెన్సర్ చప్పుడును తగ్గిస్తుంది. చివరి గొట్టం వాయువులను కారు వెనక బయటకు వదులుతుంది.

కలకత్తాతో ఈ కన్వర్టర్‌కు పాత అనుబంధమే ఉంది. 1995 ఏప్రిల్ 1 నుంచి కొత్త పెట్రోల్ కార్లకు దీన్ని తప్పనిసరి చేసిన 4 మహానగరాల్లో కలకత్తా ఒకటి. దాని కోసమే అదే రోజున ఆ నగరాల్లో సీసం లేని పెట్రోల్ అమ్మకం మొదలైంది.

ఎక్కడ తెగిందన్నదే కీలకం

గొట్టం అంత పొడవుగా ఉండటానికి కారణం ఉంది. మనుషులు కూర్చునే చోటు దాటాకే వాయువులు బయటపడాలి. చివరి గొట్టం మాత్రమే విరిగితే ప్రమాదం కొంత తక్కువ. సీట్ల కింద తెగితే వాయువులు నేరుగా కారు అడుగుభాగాన్ని తాకుతాయి. తుప్పు పట్టిన రంధ్రాలు, పాడైన రబ్బరు సీళ్లు, సరిగా మూసుకోని డిక్కీ తలుపు ద్వారా లోపలికి చేరతాయి.

కన్వర్టర్‌కు ముందే తెగితే ముప్పు మరీ ఎక్కువ. అక్కడ వచ్చేది శుద్ధి కాని వాయువు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం కనిపిస్తాయి. వీటిని ప్రయాణ బడలిక అనుకుని వదిలేయడంతోనే చిక్కు వస్తుంది. ఆ తర్వాత మగత, స్పృహ తప్పడం, చివరికి మరణం కూడా సంభవించవచ్చు.

వేలాడే గొట్టంతో మరో ప్రమాదం ఉంది. అది రోడ్డుకు తగిలి ఊడిపడితే వెనక వచ్చే బైక్ పడిపోవచ్చు. వేడి గొట్టం ఇంధన పైపులకు, వైర్లకు తగిలితే మంటలు రావచ్చు.

వానలు, తుప్పు, దొంగలు

నీటిలో, బురదలో తరచూ తడిసే గొట్టం బయటి నుంచి తుప్పు పడుతుంది. దగ్గర దూరాలకే తిరిగే కార్లలో లోపలి నుంచి కూడా తుప్పు పడుతుంది. ఇంజిన్ నుంచి వచ్చే నీటి ఆవిరి, గొట్టం పూర్తిగా వేడెక్కకపోవడంతో, సైలెన్సర్‌లోనే నీరై నిలిచిపోతుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా సాగే నగర ప్రయాణాల్లో ఇది మామూలే.

గొట్టం కొస నీటిలో మునిగినప్పుడు వాయువులకు దారి కష్టమవుతుంది. అప్పుడు అవి బలహీనమైన అతుకుల నుంచి బయటకు తన్నుకొస్తాయి. నీళ్లలో ఆగిన కారులో ఏసీ కోసం ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవడం అందుకే ప్రమాదకరం.

కొన్నిసార్లు గొట్టం దానంతటదే ఊడదు, దొంగలు కోసుకెళ్తారు. కన్వర్టర్‌లోని విలువైన లోహాల కోసం మారుతీ ఈకో వ్యాన్ల సైలెన్సర్లను ఎత్తుకెళ్లిన ముఠాలను వివిధ రాష్ట్రాల పోలీసులు పట్టుకున్నారు. కోల్‌కతాలోని మల్లిక్ బజార్ లాంటి పాత విడిభాగాల మార్కెట్లు చాలా నగరాల్లో ఉన్నాయి. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోవాలి. కన్వర్టర్ లోపలి భాగం ఉందో, లేక ఖాళీ డొల్లే అమ్ముతున్నారో చూసుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 దేశమంతటికీ ఒకటే. ప్రతి వాహనానికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండాలని 120వ నిబంధన చెబుతోంది. వాయువులు కిందివైపు గానీ, వాహనం ఎడమవైపు గానీ వెళ్లకూడదన్నది 112వ నిబంధనలోని సాధారణ సూత్రం. మధ్యలో తెగి నేలవైపు పొగ వదిలే గొట్టం ఈ సూత్రానికి విరుద్ధం.

శిక్షలు మోటారు వాహనాల చట్టం, 1988లో ఉన్నాయి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘించే వాహనాన్ని నడిపితే 190(2) సెక్షన్ కింద మొదటిసారి 3 నెలల దాకా జైలు లేదా రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సుపై 3 నెలల అనర్హత కూడా ఉంటుంది. కావాలనే సైలెన్సర్ తీయించి కారును మార్పించిన యజమానికి 182ఏ(4) సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అక్కడికక్కడే రాజీ రుసుముగా ఎంత కట్టాలన్నది రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలా?

చాలదు. పీయూసీ కేంద్రంలో పరికరాన్ని గొట్టం చివర పెడతారు. బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోల్ కార్లలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. కానీ ముందెక్కడో చిల్లు ఉంటే బయటి గాలి లోపలికి కలిసి రీడింగ్ తగ్గవచ్చు. గాలి, ఇంధనం పాళ్లు చూసే లాంబ్డా పరీక్షలో ఇది దొరికే అవకాశం ఉంది. అయితే గొట్టం కారు కింద ఎక్కడ లీకవుతోందో చెప్పడం ఈ పరీక్ష పని కాదు.

అసలు లోటు ఇక్కడే ఉంది. ట్యాక్సీలు, బస్సులకు క్రమం తప్పకుండా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలను కోల్‌కతా నుంచి తొలగించాలని కలకత్తా హైకోర్టు 2008లోనే ఆదేశించింది. సొంత కారుకు మాత్రం రిజిస్ట్రేషన్ గడువైన 15 ఏళ్ల వరకూ ఆ పరీక్ష అక్కర్లేదు. కాబట్టి అన్నాళ్లూ కారు అడుగున ఏముందో చూసుకునే బాధ్యత యజమానిదే.

ఊడిపోతే ఏం చేయాలి?

• కారును పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, చల్లారేదాకా గొట్టాన్ని ముట్టుకోకూడదు. కన్వర్టర్ వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది.

• సీట్ల కింద గానీ, ముందు భాగంలో గానీ తెగితే నడపకుండా టోయింగ్ వాహనాన్ని పిలవడమే మేలు.

• చివరి భాగమే ఊడి, దగ్గరలోని గ్యారేజీ దాకా వెళ్లక తప్పకపోతే వేలాడే ముక్కను ఇనుప తీగతో కట్టాలి. అన్ని కిటికీలూ దించాలి, డిక్కీ గట్టిగా మూయాలి, ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టకూడదు. పిల్లలను, గర్భిణులను ఎక్కించుకోకూడదు.

• తల తిరిగితే వెంటనే కారు దిగి, గాలి ఆడే చోటికి వెళ్లి, డాక్టర్‌ను కలవాలి. కారు పొగ పీల్చామన్న సంగతి చెబితేనే సరైన రక్తపరీక్ష చేస్తారు.

• ఏటా వానాకాలం ముగిశాక కారును లిఫ్ట్ మీదకు ఎక్కించి అతుకులు, రబ్బరు హ్యాంగర్లు చూపించాలి. చిన్న చిల్లు ఉన్నప్పుడే వెల్డింగ్‌తో పోతుంది. ఆలస్యమైతే గొట్టమే మార్చాల్సి వస్తుంది.