మంచుకొండలో జొన్న పాతర



బొగ్గుబాయి అంటే ఏమిటో గోదావరిఖని వారికి ఒకరు చెప్పనక్కరలేదు. షిఫ్టుకు పోయివచ్చే మనిషి లేని గల్లీ ఇక్కడ లేదు. అయితే ఇటువంటి బాయిలే భూమికి ఉత్తరపు కొసన, మంచుగడ్డల నడుమ కూడా తవ్వినారు. అక్కడి కార్మికులు ఏమి తిని బతికినారు, ఆ కొండకూ మన జొన్నకూ చుట్టరికం ఎట్లా కలిసింది అన్న సంగతి ఇవాళ మనవి చేస్తాను.

నార్వే దేశానికి ఉత్తరాన, ధ్రువానికి దగ్గరగా స్వాల్‌బార్డ్ అనే దీవులున్నవి. లాంగ్‌ఇయర్ అనే అమెరికా వ్యాపారి కంపెనీ పెట్టి 1906లో అక్కడ బొగ్గు తవ్వించసాగినాడు. 1916లో ఒక నార్వే కంపెనీ దాన్ని కొన్నది. ఊరికి లాంగ్‌ఇయర్‌బీన్ అని అతని పేరే నిలిచింది. అక్కడ చెట్టు లేదు, చేను లేదు. ఎండాకాలంలో నేల పైపైన కరుగుతుంది, దానికింద ఏడాది పొడుగునా రాయివలె గడ్డకట్టి ఉంటుంది. చలికాలంలో దాదాపు నాలుగు నెలలు సూర్యుడే పొడవడు. తిండికి ఓడే దిక్కు. సముద్రం గడ్డకట్టిందా, ఆ ఓడ కూడా బందు. 1975లో విమానాశ్రయం తెరిచేదాకా, చలికి ముందు చివరి ఓడ దించిపోయిన సరుకుతోనే మళ్లీ ఓడ వచ్చేదాకా గడపవలసి వచ్చేది. మన కాలనీకీ కూరగాయలు బయటినుంచే వస్తాయి గదా అంటారేమో. ఇవాళ రాని బండి మనకు రేపు వస్తుంది. వాళ్లకు వచ్చే ఏడే.

సరుకు నిండుగా ఉన్నంత మాత్రాన తిండికి భరోసా ఉన్నట్టు కాదు. బొగ్గు తవ్వకం రాకమునుపు, 1872లో, వేటకు పోయిన 17 మంది నార్వే వాళ్లు మంచులో చిక్కి, అదే దీవిలో ఒక ఇంట్లో తలదాచుకున్నారు. ఇంటినిండా తిండి ఉన్నది. అయినా వేసవికి ఒక్కడూ మిగలలేదు. పచ్చికూర లేక స్కర్వీ రోగం వచ్చి పోయినారని నూరేళ్లకు పైగా అనుకున్నారు. ఇటీవల ఎముకలు పరీక్షిస్తే సీసం బయటపడింది. ఆహారపు డబ్బాలకు వేసిన సీసపు మాటే విషమైంది. గ్రీన్లాండు, కెనడాల ఇన్యూట్లు మాత్రం సీలు మాంసం, పచ్చి తిమింగలపు తోలు తిని, ఆకుకూర ఎరుగకుండానే స్కర్వీని దాటినారు.

పిరమిడెన్ అనే మరో బొగ్గు ఊళ్లో సోవియట్ వాళ్లు అద్దాల ఇళ్లలో కూరగాయలు పండించి, ఆవులను, కోళ్లను సాకినారు. 1998లో బాయి మూసినారు. తోటా, కొట్టమూ దానితోనే పోయినవి.

ఇక విత్తనం సంగతి. మన పెద్దలు భూమిలో పాతర తవ్వి జొన్నలు పోసేవారు కదా. 1984లో ఉత్తర ఐరోపా దేశాల విత్తన నిధివారు అదే పని చేసినారు. లాంగ్‌ఇయర్‌బీన్ మూడో నంబరు బొగ్గుబాయిలో, ఆ చలినే ఆసరా చేసుకొని, విత్తనాలు దాచినారు. తర్వాత ఆ దగ్గరలోనే కొండను తొలిచి, 2008 ఫిబ్రవరిలో ప్రపంచ విత్తన భాండాగారం తెరిచినారు. లోపల సున్నాకు 18 డిగ్రీలు తక్కువ. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాలు లక్షకు పైగా అక్కడికి చేరినవి. దాచినవారు తప్ప ఆ పెట్టెలు ఇంకొకరు విప్పరాదు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన నిధి చేజారితే, దానివారు 2015లో తమ పెట్టెలు తెప్పించుకొని, సాగుచేసి, 2017లో కొత్త గింజ తిరిగి పంపినారు.

అంత గట్టి కొండకూ 2016లో మంచు కరిగిన నీరు వాకిట్లోకి వచ్చింది. విత్తనాలకేమీ కాలేదు గాని, వాకిలి మళ్లీ కట్టవలసి వచ్చింది.

ఇంత చదివినవాణ్ణి, నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో ముసలమ్మ గుమ్మిలోంచి పచ్చజొన్నలు దోసిట్లో పోసి, "బూడిద, యాపాకు కలిపి పెట్టిన, తీసుకపో బిడ్డా, మల్ల దొరకయి" అన్నది. సంచి లేదని వచ్చేసినాను. కాకతీయ కాల్వ నీళ్లతో అంతటా వరే నాటుతున్న కాలం, ఎవరడుగుతారులే అనుకున్నాను. మరుసటి ఏడు పోయి అడిగితే, గటకకు వండుకున్నామన్నారు.

నార్వే వాళ్ల చివరి బొగ్గుబాయి కూడా అక్కడ 2025లో మూతపడ్డది. విత్తనాల కొండ నడుస్తూనే ఉన్నది. మీ ఊళ్లో ఎవరి గుమ్మిలోనైనా పాత జొన్న పిడికెడు ఉంటే కబురు చేయండి. ఈసారి సంచి తెచ్చుకుంటాను.