కిణ్వదృష్టాంతము - కార్ల్స్‌బెర్గు బీరుశాల

దర్శనగ్రంథములు పఠించువారికిఁ గిణ్వశబ్దము క్రొత్తది కాదు. భూతచతుష్టయమునందుఁ బ్రత్యేకముగాఁ గానరాని చైతన్యము శరీరాకారపరిణామమునఁ బుట్టుననియు, కిణ్వాదులనుండి మదశక్తి పుట్టునట్లే యిదియు నగుననియు లోకాయతికులు చెప్పుదురు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమునఁ దృతీయాధ్యాయ తృతీయపాదమందు ఈ మతము ననువదించి ఖండించిరి. మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహమునఁ జార్వాకదర్శనమందును ఈ దృష్టాంతము కలదు. ఐనను కిణ్వ మనఁగా నేమి యని విద్యార్థి యడిగినచో "సురాబీజము" అని చెప్పి ముందునకు సాగుట మన పాఠశాలలలో వాడుక. పర్యాయపద మొసఁగినంతమాత్రమునఁ బదార్థము తెలియదు. దృష్టాంతబలము పదార్థజ్ఞానముపై నాధారపడియున్నది గాన, ఆ పదార్థ మెట్లు తెలియవచ్చెనో విచారింతము. ఆ చరిత్రములో ముఖ్యభాగము డెన్మార్కు దేశమందలి యొక బీరుశాలలో నడచినది.

మనవారికిఁ గిణ్వప్రయోగము చిరపరిచితము. అమరసింహుఁడు కిణ్వమునకు నగ్నహూశబ్దమును బర్యాయముగాఁ జెప్పెను. అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున సురాధ్యక్షప్రకరణమందు మినుములు, బియ్యము, మోరటాద్యోషధులు చేర్చి కిణ్వబంధము చేయు విధము కలదు. షుఞ్ ధాతువున కర్థమైన యభిషవమును వివరించుచు భట్టోజిదీక్షితులు సురాసంధానమును నందుఁ జేర్చిరి. నేఁటికిని అస్సాము మొదలగు సీమలలో బియ్యపుపిండియందు ఓషధులు కలిపి, బిళ్లలు చేసి యెండించి, అన్నముపైఁ జల్లి సుర నొనర్తురు. క్రియ తెలియును, ఫలము తెలియును, ఆ క్రియను జేయు కర్త యెవ్వఁడో మాత్రము కంటికిఁ గానరాకుండెను.

యూరపుఖండమున మొలకెత్తించి యెండించిన యవలతోను హాప్స్ అను తీఁగపువ్వులతోను జేయు సురయే బీరు. యాకోబ్ క్రిస్టియన్ యాకబ్సన్ (1811–1887) మ్యూనికు నగరమందలి ష్పాటెన్ బీరుశాలనుండి, తొట్టి యడుగునకు దిగి చల్లదనమున మెల్లఁగాఁ బనిచేయు కిణ్వమును 1845లోఁ దెచ్చెను. దారిలో నది చెడకుండ బండి నిలిచినచోటనెల్ల నీటితోఁ జల్లార్చుచు వచ్చెనని చెప్పుదురు. 1847లోఁ గోపెన్‌హాగన్ నగరము వెలుపల నొక కొండపై బీరుశాల నెలకొల్పి, తన కుమారుఁడు కార్ల్ పేర దానికిఁ గార్ల్స్‌బెర్గు అని నామకరణము చేసెను. బెర్గు అనఁగా కొండ. 1875లో దాని కొక ప్రయోగశాలను, మఱుసటి సంవత్సరము కార్ల్స్‌బెర్గు నిధిని స్థాపించెను. అచ్చటఁ గనుఁగొన్న విషయము శాస్త్రమునకుఁ గాని వృత్తికిఁ గాని ముఖ్యమైనచో దానిని దాఁచరాదని నియమము చేసెను. వృత్తిరహస్యములను దండ్రి కొడుకునకు మాత్రమే చెప్పు కాలమున నిది సామాన్యమైన నియమము కాదు. ఈ తండ్రికొడుకులకే పొసఁగక, 1882లోఁ గుమారుఁడు వేఱుబీరుశాల నడపెను. తండ్రి తన శాలను నిధికే విడిచెను. రెండును 1906లోఁ గాని యేకము కాలేదు.

బీరు చేఁదెక్కి చెడుచుండుటకుఁ గారణము వెదకుచు నా ప్రయోగశాలయందు ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ కిణ్వమును బరీక్షించెను. ఒకటే యనుకొనిన కిణ్వమునఁ బలుజాతుల కణములు కలవనియు, వానిలోఁ గొన్నియే బీరును జెఱచుననియు నతఁడు కనుఁగొనెను. ఒకే కణమునుండి వంశవృద్ధి చేసిన శుద్ధకిణ్వమును 1883లో బీరుశాలయందుఁ బ్రయోగించిరి. నియమానుసారముగా నా విధానమును బ్రకటించి, కిణ్వమును ఇతర బీరుశాలలకు నొసఁగిరి. ఆ జాతి సంకరజమనియు నేఁడు తెలియుచున్నది. దాని జనకజాతులలో నొకటి దక్షిణామెరికాయందలి పటగోనియా వనములలో దొరకినట్లు 2011లోఁ బ్రకటింపఁబడినది.

ఇట్లు కిణ్వము సజీవమని తేలెను. అంతకుముందే జర్మనీ దేశపు లీబిగ్ సంధానమును కేవల రసాయనవికారమనఁగా, ఫ్రాన్సు దేశపు పాశ్చరు అది జీవకార్యమని వాదించియుండెను. పాశ్చరు పక్షము నిలిచినచో లోకాయతికుని దృష్టాంతము చెడును. జడములనుండి క్రొత్తశక్తి పుట్టుటకు సాక్షిగాఁ దెచ్చిన కిణ్వమే ప్రాణి యైనచో, నది ప్రతిపక్షమునకే సాక్ష్యము చెప్పును.

కాని సిద్ధాంతి తొందరపడరాదు. 1897లో ఎడువార్డ్ బుఖ్నర్ అను జర్మను పండితుఁడు కిణ్వకణములను ఇసుకతో నూఱి, పిండి, జీవకణములు లేని రసమును దీసెను. అందుఁ జక్కెర కలుపఁగా నది పొంగి మద్యసారము పుట్టెను. ఇందులకు 1907లో నతనికి నోబెలు బహుమానము లభించెను. కణము చచ్చినను దాని రసము పనిచేయుచున్నది. ఇప్పుడు లోకాయతికుఁడు మరల లేచి, మదశక్తికి సాక్షాత్కారణము జడద్రవ్యమే యనును. ఆ ద్రవ్యము జీవకణమున నుత్పన్నమైనది కదా యని సిద్ధాంతి యనును. ఒకఁడు కార్యమును, వేఱొకఁడు దాని మూలమును జూపుచున్నారు.

ఉభయవాదిసమ్మతమైనదే దృష్టాంతమని నైయాయికుల నియమము. కిణ్వము జడమని యిరువురును దలఁచినంతకాల మీ యుదాహరణము నడచినది. నేఁడు దాని స్వరూపమే వివాదాస్పదము. కావున కిణ్వదృష్టాంతమొక్కదానితో నిప్పుడు చార్వాకమతము సిద్ధింపదు, దానివలననే ఖండితమును గాదు. శంకరుల ఖండనమునకు దీనివలన హానిలేదు. వారు దేహ ముండఁగానే మరణావస్థయందుఁ జైతన్యము లేకుండుటను, చైతన్యము భూతములను విషయముగాఁ గొనుటను హేతువులుగాఁ జూపిరి గాని కిణ్వస్వరూపమును బట్టి వాదింపలేదు.

ఇఁకమీఁద నీ పంక్తిని జెప్పు ఉపాధ్యాయులు "సురాబీజము" అని యాఁగక, కంటికిఁ గానరాని యా ప్రాణిని గూర్చియు, ప్రాణము పోయినను బనిచేయు దాని రసమును గూర్చియుఁ జెప్పుట యుచితము. అప్పుడు పూర్వపక్షమునకు దాని బలమంతయు దక్కును. పూర్వపక్షమును బలహీనముగాఁ జెప్పి గెలుచుట శాస్త్రవిజయము కాదు.