కరిచే ముసలి కుక్క - నూట పాతికేళ్ళ లెక్క

"కరిచిన కుక్కని ఇంట్లో ఉంచాలా, పంపించెయ్యాలా?" ఇలా తీరిగ్గా కూర్చుని ఆలోచించగలగడం మన తరానికి దొరికిన వెసులుబాటు. మా తాతల కాలంలో నౌపడలో ఈ ప్రశ్నకి చోటే లేదు. అప్పట్లో కుక్క కాటంటే అసలు భయం పంటిగాటు గురించి కాదు, పిచ్చి గురించి. రేబీస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఇవాళ్టికీ అంతే.

పారిస్‌లో లూయీ పాశ్చర్ 1885 జులై 6న తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కి మొదటిసారి టీకా వేశాడు. చూడండి, ఈ కథ మొదలైందే ఒక పిల్లాడితో! మన దేశంలో మొదటి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1900లో కసౌలీలో పెట్టారు. అదే 1900లో మా నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు నడవడం మొదలైంది. అంటే ఊరికి రైలొచ్చింది గానీ, మందు మాత్రం హిమాలయాల దగ్గరుంది. కాటు పడ్డ పిల్లాణ్ణి తీసుకుని అంత దూరం ఎవరు వెళ్ళగలరు? ఉప్పు మళ్ళలో రోజుకూలి చేసుకునేవాడా?

1902లో లిల్లీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే యువతి పిచ్చికుక్క కాటుతో చనిపోయాక దక్షిణాదికి ఒక ఇన్‌స్టిట్యూట్ కావాలన్న మాట గట్టిగా వినిపించింది. అమెరికా దాత హెన్రీ ఫిప్స్ వైస్రాయ్ కర్జన్‌కి ఇచ్చిన డబ్బులో కొంత దీనికి అందింది. 1907లో నీలగిరుల్లోని కూనూరులో అది మొదలైంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మా వైపు వాళ్ళకి అదీ దగ్గరేం కాదు.

తర్వాత 1911లో కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో తయారుచేసే టీకా కనిపెట్టాడు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అని చిన్నప్పుడు మనల్ని భయపెట్టేవారే, అది ఇదే. కొందరికి దానివల్ల పక్షవాతం లాంటి సమస్యలొచ్చేవి కూడా. అయినా దశాబ్దాల పాటు మనకి దిక్కు అదే. మన దేశంలో దాని తయారీ ఆగింది 2004 చివర్లో. అంటే మనలో చాలామంది కంప్యూటర్ ముట్టుకున్నాక!

ఈ చరిత్రంతా ఎందుకు చెప్తున్నానంటే, కరిచిన కుక్కని చంపెయ్యడం అనే పాత అలవాటు ఆ భయంలోంచి పుట్టింది. అది క్రూరత్వం ఒక్కటే కాదు, వేరే దారి లేకపోవడం కూడా. ఇప్పుడు కుక్కకి ఏటా టీకా వేయించొచ్చు, కరిస్తే పది రోజులు కట్టేసి గమనించొచ్చు. పిల్లాడికైతే గాయాన్ని వెంటనే పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, చేతికి టీకాలు వేయిస్తే సరిపోతుంది. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వెయ్యాలి. భయం తగ్గింది. బాధ్యత మాత్రం మనమీద పడింది.

ఇక మా ఇంటి సంగతి. మా టైగర్‌కి పదకొండేళ్ళు. మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు వాడి తోక పట్టుకుంటే చెయ్యి కరిచింది. టైగర్ ఉన్నంతకాలం పిల్లాణ్ణి నౌపడ తీసుకురానంది వదిన. ఆవిణ్ణి తప్పుపట్టలేం. "పదకొండేళ్ళు మన గుమ్మంలోనే పడుందిరా, ఇప్పుడెక్కడికి పోతాది?" అంది అమ్మ. ఆవిణ్ణీ తప్పుపట్టలేం.

"ఉప్పు మళ్ళవైపు వదిలేసొచ్చేద్దాం" అన్నాడు బంధువొకాయన. ఇది మాత్రం నేను ఒప్పుకోలేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా అలా వదిలెయ్యడం నేరం. చట్టం సంగతి అలా ఉంచండి, అక్కడా పిల్లలున్నారు కదా! బగ్‌ని ఇంకో సర్వర్‌కి మార్చినంత మాత్రాన ఫిక్స్ చేసినట్టు కాదు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే 1860 నాటి శిక్షాస్మృతిలోనే శిక్ష ఉంది. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షన్.

పశువైద్యుడికి చూపిస్తే వెనక కాళ్ళ కీళ్ళనొప్పులు, ఒక కంట్లో శుక్లం ఉన్నాయన్నారు. ముసలి కుక్కలు కొత్తగా కరవడం మొదలెడితే చాలాసార్లు కారణం నొప్పో, చూపో, వినికిడో. "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతని పిల్లలున్న ఇంట్లో నమ్మకండి. గుర్రుమంటే అది హెచ్చరిక. నాలుగేళ్ళ పిల్లాడికి అది అర్థం కాదు, పెద్దవాళ్ళకి అర్థం కావాలి. గుర్రుమన్నందుకు కొడితే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

చివరికి తేల్చుకున్నదేంటంటే, టైగర్ ఉంటాడు, పెరట్లో. మధ్యలో ఇనప గేటు, దానికి పిల్లలకందని గడియ. నొప్పికి మందులు, ఏటా టీకా. పిల్లలున్న రోజుల్లో వాడు గేటు దాటడు, కాసేపటికైనా సరే. వేరు చెయ్యడానికి జాగా లేని ఇల్లయితే, లేదా రెచ్చగొట్టకుండానే లోతుగా, పదేపదే కరిచే కుక్కయితే నా సమాధానం వేరేగా ఉండేది. నిజం చెప్పి పిల్లల్లేని ఇంటికివ్వడం, అదీ కుదరకపోతే పశువైద్యుడి చేతిలో నొప్పి లేకుండా సాగనంపడం. పిల్లాడి మొహం కన్నా కుక్క ఎక్కువ కాదు, ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు.

వదిన ఇంకా సరే అనలేదు. వేసవి సెలవుల్లోపు గేటు చూసి చెప్తానంది. న్యాయమైన మాటే.